నొప్పి చెప్పుకున్నంత మాత్రాన రోయర్‌కి పడవలో చోటు పోకూడదు

కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గౌరవనీయులు శ్రీ మన్సుఖ్ మాండవీయ గారికి,

నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఫిజియోథెరపిస్టును. హుస్సేన్‌సాగర్‌లో ప్రాక్టీస్ చేసే యువ రోయర్లు, అంటే తెడ్లతో పడవ నడిపే పోటీల్లో పాల్గొనేవాళ్లు, నొప్పులతో నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది రావాల్సిన సమయం దాటిపోయాకే వస్తారు. ఆ ఆలస్యం గురించే మీకు రాస్తున్నాను.

ఒడ్డున నిలబడి చూస్తే రోయింగ్ చేతుల ఆటలా కనిపిస్తుంది. నిజానికి బలం పుట్టేది కాళ్లలో. దాన్ని తెడ్డు దాకా చేర్చేది నడుము, ఛాతీ. 2000 మీటర్ల పోటీ ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది, ఆ కాసేపట్లోనే రెండు వందలకు పైగా స్ట్రోకులు వేయాలి. ప్రాక్టీసులో అయితే వారానికి వేలల్లో. తెడ్డు నీటిని పట్టుకునే క్షణంలో నడుము వంగి ఉంటుంది, భారం కూడా అప్పుడే మొదలవుతుంది. రోయర్లలో అన్నిటికంటే ఎక్కువగా నడుంనొప్పే కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఒడ్డున రోయింగ్ ప్రాక్టీసు చేసే యంత్రమైన ఎర్గోమీటర్ (ఎర్గ్) మీద అరగంట దాటి ఏకబిగిన చేసే ప్రాక్టీసుకూ ఈ నొప్పికీ సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. నీళ్ల మీదకి వెళ్లలేని రోజుల్లో ఎర్గ్ మీదే గంటలు గడిపించడం ఎంత మామూలో మీ శాఖ కోచ్‌లను అడిగితే తెలుస్తుంది.

పక్కటెముకల సంగతి ఇంకా కష్టం. దెబ్బేమీ తగలదు. కండరాలు ఒకే చోట మళ్లీ మళ్లీ లాగడం వల్ల ఎముకలో సన్నటి పగులు వస్తుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదట్లో దగ్గినా, తుమ్మినా, పడుకుని పక్కకి తిరిగినా పోటు పెడుతుంది. కండరం పట్టేసిందనుకుని స్ప్రే కొట్టుకుని మళ్లీ పడవెక్కుతారు. తొలి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. ఎక్స్‌రే బాగానే ఉంది కదా అని కోచ్ పంపించేస్తే ఆ కుర్రాడు ఇంకేం చెప్పగలడు? అప్పుడే ఎంఆర్‌ఐ తీయించి ఆపితే కొన్ని వారాల విశ్రాంతితో ఎముక అతుక్కుంటుంది. సాగదీస్తే సీజనే పోతుంది.

వాళ్లు నొప్పి ఎందుకు దాచుకుంటారో మీరు అర్థం చేసుకోవాలి. సెలక్షన్ ముందు ఎర్గ్ టైమింగ్ చూస్తారు, ట్రయల్స్ చూస్తారు. రెండు వారాలు ఆగితే ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటారు. పైగా మన రోయర్లలో చాలామంది సైన్యం నుంచి వచ్చినవాళ్లు. 2010 గ్వాంగ్‌జౌలో ఆసియా క్రీడల రోయింగ్‌లో మనకు తొలి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ సైనికుడే. పారిస్ పారాలింపిక్స్‌లో అనితతో కలిసి పోటీపడిన మన ఆంధ్రప్రదేశ్ బిడ్డ కొంగనపల్లె నారాయణ కూడా సైనికుడే. ఓర్చుకోవడం వాళ్లకు శిక్షణలోనే అలవాటవుతుంది. ఆ ఓర్పును గౌరవిస్తాను. కానీ విరుగుతున్న ఎముక విషయంలో దాన్ని వాడుకోవడం అన్యాయం.

ఈ సమయంలోనే రాయడానికి ఇంకో కారణం ఉంది. పారిస్‌తో ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ రోయింగ్, అంటే రోయర్ల బరువుకు పరిమితి ఉండే విభాగం, ముగిసిపోయింది. టోక్యోలో అర్జున్ లాల్, అర్వింద్ సింగ్ 11వ స్థానంలో నిలిచింది ఆ విభాగంలోనే. ఇన్నాళ్లూ బరువు పెరగకుండా కడుపు మాడ్చుకున్నవాళ్లు 2028 ఒలింపిక్స్ కోసం బరువు, బలం పెంచుకుని పెద్ద రోయర్లతో తలపడాలి. చాలినంత తినకుండా కష్టపడితే ఎముకలు బలహీనపడతాయి. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవచ్చు. అలాంటి ఒంటి మీద శిక్షణ భారం ఒక్కసారిగా పెంచితే ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

అందుకే అడుగుతున్నాను. నొప్పి వచ్చిందని మొదటి వారంలోనే చెప్పిన రోయర్‌కి, కోలుకున్నాక మళ్లీ ట్రయల్ ఇచ్చే హక్కును సెలక్షన్ నిబంధనల్లోనే రాయించండి. అప్పటిదాకా స్టైపెండ్, హాస్టల్ సీటు ఆపకూడదు. అది లేకుండా ఎన్ని యంత్రాలు కొన్నా పిల్లలు నోరు విప్పరు. ప్రతి శిక్షణ కేంద్రంలో కోచ్ కింద కాకుండా స్వతంత్రంగా పనిచేసే ఫిజియో ఉండాలి. ఎవరు వారానికి ఎంత దూరం పడవ నడిపారో, ఎర్గ్ మీద ఎంతసేపున్నారో రాసిపెట్టే పుస్తకం ఉండాలి. అమ్మాయిలు నెలసరి గురించి మాట్లాడుకోవడానికి ఒక మహిళా డాక్టర్ అందుబాటులో ఉండాలి.

నిబంధన మార్చడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. వచ్చే జాతీయ ట్రయల్స్ ప్రకటన వెలువడేలోగా దయచేసి ఆ ఒక్క పని చేయించండి.

భవదీయురాలు,
సికింద్రాబాద్ నుంచి ఒక ఫిజియోథెరపిస్ట్