నెయ్యి, పంచాంగం, మా సాఫ్ట్‌వేర్

ఒరేయ్ మామా,

మీ ఆఫీసులో ఫోర్‌కాస్టింగ్ సాఫ్ట్‌వేర్, అదే, ఎంత సరుకు అమ్ముడవుతుందో ముందే అంచనా వేసేది, కొంటున్నారు, మీది ఎలా పనిచేస్తోంది అని అడిగావ్ కదా, ఫోన్‌లో తెమిలే కథ కాదు, అందుకే రాస్తున్నా.

మాది నెయ్యి వ్యాపారం, శ్రావణమాసమే మాకు పండగ. 2022లో శ్రావణం జులై 29నే మొదలైంది, ఆగస్టు మొదటివారంలో సరుకు ఎగిరిపోయింది, సాఫ్ట్‌వేర్ అది నేర్చుకుని 2023లోనూ అదే వారానికి డబుల్ చూపించింది. మేమూ ఎగేసుకుని జార్లు నింపి డిపోలకి తోలేశాం. గోడౌన్ చూసే బాబాయి గోడమీద క్యాలెండర్ చూపించి, "ఇది అధిక శ్రావణం బాబూ, వ్రతాలన్నీ ఆగస్టు 17 తర్వాతే" అన్నాడు. అప్పటికే లారీలు వెళ్లిపోయాయి. రెండువారాలు సరుకు కదల్లేదు, దాంతో ఆ సాఫ్ట్‌వేర్ మహాతల్లి డిమాండ్ పడిపోయిందనుకుని సరిగ్గా అసలు శ్రావణం ముందు ఇండెంట్, అంటే డిపోలకి పంపాల్సిన సరుకు లెక్క, సగానికి కోసేసింది! స్టాకంతా పెద్ద డిపోల్లో ఇరుక్కుంది, చిన్న ఊళ్ల షాపులవాళ్లు ఒకటే ఫోన్లు. సరుకు లేక అమ్మకపోయినా రికార్డులో సున్నానే పడుతుంది కదా, దాని లెక్కలో అది ఎవరూ అడగలేదని.

ఇంకోటి, మేం దానికిచ్చేది డిస్ట్రిబ్యూటర్‌కి కొట్టిన బిల్లులు, షాపులో అమ్మింది కాదు. సేల్స్ వాళ్లు టార్గెట్ కోసం ప్రతినెలా చివరి మూడురోజుల్లో డిస్ట్రిబ్యూటర్ల నెత్తిన రుద్దుతారు, అందుకని జనం జేబులు ఖాళీ అయ్యాక నెలాఖర్లో కూర్చుని నెయ్యి తాగుతారని దాని గట్టి నమ్మకం. ఇదంతా చూసి ఎవడికి వాడు పక్కన ఎక్సెల్ పెట్టుకున్నాడు, సిస్టమ్ 900 కేసులంటే మేనేజర్ 1200 కొడతాడు, ఎందుకని అడిగేవాడే లేడు.

మనమే కాదులే. 2001లో నైకీ, ఐ2 అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాక అక్కర్లేని బూట్లు గుట్టలుపడి, కావాల్సినవి దొరక్క 10 కోట్ల డాలర్ల సేల్స్ పోయాయంది. ఆ ఐ2 పెట్టిన సంజీవ్ సిద్ధు మన హైదరాబాదులో పుట్టినవాడే, ఉస్మానియాలో చదివాడు. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అని నైకీ, దాంట్లో మార్పులు మరీ ఎక్కువ చేయించుకున్నారని ఐ2 వాళ్లు. మా ఆఫీసులో మీటింగూ అచ్చం ఇలానే నడిచింది.

ఇప్పుడు మా దాంట్లో పండగల కాలమ్ ఒకటి పెట్టించాం, అది నింపేది బాబాయే. నువ్వు డెమోకి వచ్చినవాణ్ని ఒకటే అడుగు, 2026 మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, నెలరోజులు పెళ్లిళ్లుండవు, అది మీ స్క్రీన్‌లో ఎక్కడ కొట్టాలి బాబూ అని. వాడి మొహం ఎలా పెట్టాడో నాకు రాయి.

నీ
మామ