119వ కీర్తనలోని దీపం ఎంత దూరం చూపిస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీదా, ఒంగోలు చుట్టుపక్కల మందిరాల గోడల మీదా బైబిలు 119వ కీర్తన 105వ వచనంలోని ‘నీ వాక్యము నా పాదములకు దీపము’ అనే మాట రాసి, పక్కన లైట్‌హౌస్ బొమ్మ వేస్తున్నారు. కీర్తనకారుడు చెప్పిన దీపం అది కాదు.

ఆ కాలపు దీపం అరచేతిలో ఇమిడే మట్టి మూకుడు, మన కార్తీక ప్రమిదకు దగ్గరి చుట్టం. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అంచును ఒకచోట వేళ్లతో నొక్కి ముక్కు తీస్తారు. ముక్కులో నార వత్తి, లోపల ఒలీవ నూనె. చేత పట్టుకుని నడిస్తే నాలుగడుగుల మేర కనిపిస్తుంది, అంతే. నూనె తగ్గితే వత్తి మాడి పొగ వస్తుంది. యెషయా 42:3లో ‘మకమకలాడుచున్న’ వత్తి అదే.

అంత చిన్న వెలుగు ఎలా సరిపోయింది? అదే కీర్తన 110వ వచనం చూడండి: భక్తిహీనులు ఉరి ఒడ్డారు, అంటే ఉచ్చు పన్నారు. ఉరి ఉండేది నేల మీద, కాలికి తగిలేచోట. దాన్ని తప్పించుకోవాలంటే వెలుగు పాదాల దగ్గరే పడాలి. 22 హీబ్రూ అక్షరాలకు ఎనిమిదేసి చొప్పున సాగే 176 వచనాల కీర్తన ఇది. 105 నుంచి 112 వరకూ ఒకే అక్షరం కింది ఒకే ఖండం. మొదటి వచనాన్ని మాత్రం కోసుకొచ్చి గోడకెక్కిస్తే దీపం మిగులుతుంది, ఉరి మాయమవుతుంది. భయంలో పుట్టిన ప్రార్థన కాస్తా అలంకారంగా మారిపోతుంది. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

దేవుడు దారి చూపడం గురించి బైబిల్లోని మిగతా ఉపమానాల తీరు వేరు. 23వ కీర్తనలో కాపరి దుడ్డుకర్ర మృగాన్ని తరమడానికి, దండం గొర్రెను దారికి తేవడానికి. అక్కడ గొర్రెకు దారి తెలియక్కర్లేదు, కాపరికి తెలిస్తే చాలు. సామెతలు 3:6లో దేవుడు సరాళం (తిన్నగా) చేసేది త్రోవనే, నడక మాత్రం మనిషిదే. ఎక్కువ తప్పులు దొర్లేది 32వ కీర్తన దగ్గర. దేవుడు మనకు కళ్లెం వేసి నడిపిస్తాడని కొందరు బోధిస్తున్నారు. నిజానికి 9వ వచనం, కళ్లెం వేస్తేగాని లొంగని ‘గుర్రంలా, కంచరగాడిదలా ఉండకండి’ అని మందలిస్తోంది. ఆయన నడిపించే పద్ధతి 8వ వచనంలో ఉంది: ‘నీమీద దృష్టియుంచి నీకు ఆలోచన చెప్పెదను’.

మీ ఆదివారం భక్తి శీర్షికలో ఒంటరి వచనం బదులు ఖండం మొత్తం వేయండి. చోటు చాలకపోతే 105 కింద కనీసం 110 అయినా అచ్చు వేయమని మనవి.

— బైబిలు పాఠకులు, ఒంగోలు