విదేశీ పీహెచ్‌డీ దరఖాస్తులు: ఆదివారం కబ్బన్ పార్కులో కలుద్దాం

మిత్రులందరికీ నమస్కారం.

విదేశాల్లో సైన్స్ పీహెచ్‌డీకి దరఖాస్తు చేయబోతున్న మన గ్రూపు సభ్యులందరం ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు బెంగళూరు కబ్బన్ పార్కులోని సెంట్రల్ లైబ్రరీ ఎర్ర భవనం ముందు కలుస్తున్నాము. ప్రతి ఒక్కరూ తమ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏ పరిశోధన, ఎందుకు చేయదలచారో వివరించే వ్యాసం) చిత్తుప్రతిని రెండు కాపీలు తీసుకురావాలి.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయ విభాగాల దరఖాస్తు గడువు డిసెంబరు మొదటి పక్షంలోనే ముగుస్తుంది కనుక, సిఫారసు లేఖలు రాయగల ముగ్గురు అధ్యాపకులను ఈ వారమే అడగండి. చివరి క్షణంలో అడిగితే మార్కుల జాబితాను తిరగరాసినట్టు నాలుగు వాక్యాలే వస్తాయి. మీ పరిశోధనను దగ్గరగా చూసినవారి లేఖకు ఉన్న బరువు, పెద్ద హోదా ఉన్నవారి పొడి మాటలకు ఉండదని నా అభిప్రాయం.

ప్రవేశ పరీక్ష అయిన జీఆర్‌ఈని అనేక విభాగాలు ఎత్తివేశాయి కాబట్టి, పరీక్ష ఫీజు కట్టే ముందు ఆయా విభాగాల నిబంధనలు చదవండి. ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. దరఖాస్తు రుసుము భారమైనవారు మినహాయింపు కోరడానికి మొహమాటపడవద్దు. జర్మనీ లెక్క వేరు: అక్కడ సాధారణంగా మాస్టర్స్ పూర్తయి ఉండాలి, చాలా స్థానాలు ఉద్యోగ ప్రకటనల మాదిరిగా ఏడాది పొడవునా వెలువడతాయి.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా మీ పేరు, సబ్జెక్టు ఇక్కడ తెలపండి. బండ్ల కంటే మెట్రోయే మేలు; కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగి నడిచి రండి.