మిగిలిన అన్నమంతా కుక్కకేనా?

సంపాదకులకు నమస్కారం.

కుక్కకు అన్నం పెట్టవచ్చా అని ఎవరైనా అడిగితే, పత్రికల్లో జవాబు ఒక్క ముక్కలో వస్తుంది: పెట్టవచ్చు. నిజమే. కాకపోతే అది మెత్తగా ఉడికించిన, ఉప్పయినా వేయని ఉత్త అన్నం గురించిన మాట. ఇళ్లలో కుక్క గిన్నెలో పడేది వేరు. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు కడగబోతూ అడుగున మిగిలిన కూరా నూనే ఊడ్చి కలిపిన ముద్ద అది.

ఆ తప్పు నేనూ చేశాను. ఉల్లిపాయలు దండిగా వేసిన కూర మిగిలితే, పారేయడం ఎందుకని మూడు పూటలు అన్నంలో కలిపి మా కుక్కకు పెట్టాను. గిన్నె తళతళలాడేదాకా నాకింది. నాలుగో రోజు మెట్లెక్కుతూ సగంలోనే కూలబడింది. ఎండకు సోలిందనుకున్నాను. పెదవి ఎత్తి చూస్తే, గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కాగితంలా పాలిపోయి ఉన్నాయి. మూత్రం ముదురు గోధుమ రంగుకు తిరిగింది. పశువైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న, "ఉల్లిపాయ ఏమైనా తిన్నదా?"

ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిట్లిపోయేలా చేస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. పైగా తిన్ననాడు కుక్క హుషారుగానే ఉంటుంది. రోజులు గడిచాక గానీ నీరసం బయటపడదు కనుక కూర మీదికి ఎవరి అనుమానమూ పోదు. మా కుక్క కోలుకుంది. వైద్యురాలి ముందు నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇందులో అన్నం తప్పేమీ లేదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నట్టు 2013లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. కడుపు చెడినప్పుడు ఎముక, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసంతో తెల్లన్నం కొద్దిరోజులు పెట్టమని పశువైద్యులే చెబుతారు. విరేచనాలు ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా, రక్తం కనిపించినా, జబ్బుపడింది కూనే అయినా అన్నంతో కాలయాపన చేయకూడదు.

ఇక రోజూ పెట్టే అన్నం సంగతి. పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు చాలు. అందులో కప్పు అన్నమే 200 దాకా లాగేస్తుంది. రోజు మొత్తం కేలరీల్లో ఇలాంటి అదనపు తిండి పదో వంతు దాటకూడదంటారు. అంటే నాలుగైదు పెద్ద చెంచాల అన్నం. దాంతోనే కడుపు నింపితే మాంసకృత్తులు, కాల్షియం చాలవు. ఎదిగే కూనలకైతే ఎముకలే వంగిపోతాయి.

వీధి కుక్కల ఆకలి చూడలేక అన్నం పెట్టేవారికి చెప్పవలసింది ఇంకొకటి ఉంది. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే, ఉడుకులోనూ చావని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టని అన్నం కుక్కకైనా పెట్టదగినది కాదు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి మూల విసిరేయడం మరీ అన్యాయం. వాసనకు సంచితో సహా మింగేస్తే అది పేగులకు అడ్డం పడుతుంది. నూనె ఓడే అన్నం క్లోమానికి చేటు. ఉడికిన ఎముక ముక్కలు గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

వీటన్నిటికీ మందు తేలికైనదే. అన్నం ఉడకగానే, కూర గరిటె తగలకముందే కుక్క వాటా విడిగా తీసి చల్లార్చాలి.

ఈసారి మీ పెంపుడు జంతువుల శీర్షికలో "అన్నం పెట్టవచ్చు" అని రాసినప్పుడు, పక్కనే "ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి లేకుండా" అని కూడా అచ్చువేయండి. చోటు చాలకపోతే కుక్క బొమ్మను కాస్త చిన్నది చేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు