బుజ్జమ్మకు, జర్మనీ డబ్బుల సంగతి

గుంటూరు, బ్రాడీపేట

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. హాస్టల్లో వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు జర్మనీ చదువుకి ఎంతవుతుందో నువ్వు రాసిచ్చిన కాగితం మీ నాన్నా నేనూ ఒకటికి నాలుగుసార్లు చూసుకున్నాం. పైన "జర్మనీలో ట్యూషన్ ఫీజు లేదు" అని రాసి, కింద 13 లక్షలు అని వేసి రెండు గీతలు కొట్టావు. నీ కూడికలో తప్పేం లేదమ్మా. తేదీలే లేవు.

మనింట్లోకి డబ్బు నెలనెలా ఒకేలా రాదని నీకు తెలుసు. నా జీతం ఒకటో తారీఖుకి పడుతుంది. మిర్చి డబ్బు కోతలయ్యాక, యార్డులో అమ్ముడయ్యాక వస్తుంది. చీటీ డిసెంబరుకి గానీ పూర్తవదు. వీసాకి కావాల్సిన డబ్బు మాత్రం ఫలానా వారానికి, ఫలానా అకౌంటులో, యూరోల్లో ఉండి తీరాలి. ఒక వారం ఆలస్యమైతే అపాయింట్‌మెంటు పోతుంది, అపాయింట్‌మెంటు పోతే సెమిస్టరు పోతుంది. అందుకే నీ లెక్కని నెలల వారీగా విడదీసి మళ్ళీ రాశాను. నిదానంగా చదువు.

ముందు చిన్న ఖర్చులు. ఇవి పోతే పోయినట్టే, సీటు వచ్చినా రాకపోయినా వెనక్కి రావు. మన చదువు కాగితాలు నిజమైనవేనని జర్మనీవాళ్ళు చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్టుకి 18,000 రూపాయలు. 2022 నవంబరు నుంచి మన దేశం పిల్లలకి అది లేకుండా స్టూడెంట్ వీసాకి అప్లై చెయ్యడమే కుదరదు కాబట్టి దీన్ని ఈ నెలలోనే పంపించెయ్యి. దాని కోసం మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్టు అన్నీ సిద్ధంగా ఉండాలి. ట్రాన్స్‌క్రిప్ట్ల కోసం కాకినాడ వెళ్ళాల్సొస్తే ఆ ప్రయాణం, యూనివర్సిటీ ఫీజు కూడా ఖర్చే. ఐఈఎల్‌టీఎస్‌కి దాదాపు మరో అంత. చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకునే యూనీ అసిస్ట్ ద్వారా పంపేవాటిలో మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. అయిదు యూనివర్సిటీలకి పెడితే 195 యూరోలు. యూరో ఇప్పుడు నూరు రూపాయలు దాటే ఉంది గనక ఇరవై వేలు అనుకో. వీసా ఫీజు 75 యూరోలు, దానిపైన సెంటరువాళ్ళ సర్వీసు చార్జీ, ఇన్సూరెన్సు, కొరియర్లు, హైదరాబాదు ప్రయాణాలు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు, కానీ లక్ష రూపాయలు ఇట్టే దాటుతుంది. నీ కాగితంలో వీటికి ఒక్క గడీ కూడా లేదు. ఈ లక్ష నా జీతంలోంచి సర్దుతాను. నువ్వు నీ జీతంలోంచి కట్టేసి మాకు చెప్పకుండా ఊరుకోవద్దు. నీ దగ్గరున్నది అక్కడికి వెళ్ళాక కావాలి.

కన్సల్టెన్సీ మాట ఎత్తావు. బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో ఎన్ని బోర్డులున్నాయో నువ్వూ చూశావుగా. వాళ్ళు చేసే పనిలో చాలా భాగం నువ్వు చెయ్యగలవు. విదేశీ విద్యార్థులకి సాయపడే జర్మనీ సంస్థ డీఏఏడీ వాళ్ళ సైటులో కోర్సుల వివరాలన్నీ ఉచితంగా ఉన్నాయి. వీసా అప్లికేషను కూడా ఇప్పుడు జర్మనీ ప్రభుత్వపు కాన్సులర్ పోర్టల్లో మనమే నింపుకోవచ్చు. ప్యాకేజీకి కట్టే డబ్బుని విమానం టిక్కెట్టుకి పెడదాం. నీ చదువుని గురించి నువ్వు రాసుకునే ఎస్‌ఓపీ మాత్రం ఎవరితోనూ రాయించుకోవద్దు. దాని మీదే వీసా ఆఫీసరు నిన్ను అడుగుతాడు.

ఇక అసలు సంగతి, బ్లాక్డ్ అకౌంటు. అక్కడ ఏడాది గడవడానికి డబ్బుందని వీసాకి చూపించడానికి ముందే వేసి ఉంచాల్సిన ఖాతా అది. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. నూరు రూపాయల చొప్పున చూసినా 11,90,400. మారకం ఖర్చులు, అకౌంటు పెట్టేవాళ్ళ చార్జీలు కలిపితే 12 లక్షలు దాటుతుంది. నువ్వు దీన్ని ఖర్చుల్లో రాశావు, కానీ ఇది ఫీజు కింద ఎవరికో కట్టేది కాదు. నువ్వు అక్కడికి వెళ్ళాక నెలకి 992 యూరోల చొప్పున నీకే వస్తుంది. నీ గది అద్దె, నీ అన్నం, నీ ఇన్సూరెన్సు అన్నీ అదే. దీన్ని వేరు చేసి చూడకపోతే "బ్లాక్డ్ అకౌంటుకి 12 లక్షలు, నెల ఖర్చులకి వేరే" అని రెండుసార్లు లెక్కేసుకుని భయపడతాం. మీ బాబాయి అలాగే భయపడి ఇల్లు తాకట్టు పెట్టమన్నాడు.

పంపేటప్పుడు ఒక జాగ్రత్త. మనం ఇక్కడ సరిగ్గా 11,904 పంపితే, మధ్యలో బ్యాంకులు చార్జీ పట్టుకుని అక్కడ ఇరవయ్యో ముప్పయ్యో తగ్గి చేరొచ్చు. తగ్గితే అకౌంటు పెట్టేవాళ్ళు వీసాకి కావాల్సిన కన్ఫర్మేషన్ లెటరు ఇవ్వరు. మిగిలిన ఇరవై యూరోల కోసం మళ్ళీ బ్యాంకుకి వెళ్ళి, మళ్ళీ ఫారాలు నింపి, మళ్ళీ చార్జీ కట్టాలి. అందుకని కాస్త ఎక్కువే పంపిద్దాం.

ఈ డబ్బుని అప్పుగా సర్దేవాళ్ళున్నారు. మన వీధిలోనే ఒకరు మీ నాన్నని కలిసి, "అకౌంటులో మేం వేస్తాం, వీసా రాగానే తీసేసుకుంటాం, నూటికి రెండు రూపాయలు వడ్డీ" అన్నారు. 12 లక్షలకి నెలకి 24,000 వడ్డీ. అది కట్టినా కట్టగలమేమో, కానీ తర్వాత ఏమవుతుంది? వాళ్ళ డబ్బు వాళ్ళు తీసుకున్నాక నువ్వు తెలియని ఊళ్ళో, చలికాలం మొదట్లో, చేతిలో ఏమీ లేకుండా నిలబడాలి. మొదటి నెల అద్దె కోసం క్లాసులు మానేసి పనికి పరిగెత్తాలి. ఆ 992 యూరోలు ఎందుకు పెట్టారంటే, పిల్లలు అలా అవస్థ పడకూడదనే. నిన్ను ఆ స్థితిలోకి పంపడానికి నేను ఒప్పుకోను. మీ నాన్న కూడా ఆయనకి అప్పుడే వద్దని చెప్పేశారు.

మరి 12 లక్షలు ఎక్కడినుంచి? మిర్చి మీద పెట్టుకోవద్దని నా అభిప్రాయం. 2025 ఫిబ్రవరిలో ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది. ధర పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించే దాకా వచ్చింది. పైగా నీకు అడ్మిషన్ లెటర్లు వచ్చేది మే తర్వాత. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదీ అప్పుడే. సరిగ్గా మనకి యూరోలు కావాల్సిన రోజుల్లో యార్డు మూసుంటే, ఏ ధరకైనా అమ్మేద్దామని మీ నాన్న తొందరపడతారు. ఏడాదంతా ఎండలో చేసిన కష్టాన్ని ఆయన అలా తెగనమ్ముకోవడం నేను చూడలేను. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఆయన ఇష్టమొచ్చినప్పుడు అమ్ముకునేట్టు ఉండాలి. చీటీ కూడా ముందే పాడుకుంటే చాలా వదులుకోవాలి. దాన్ని ముట్టుకోవద్దు.

నేననుకున్నది ఇది. 6 లక్షలు నా పీఎఫ్ లోంచి, బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీ లోంచి. పీఎఫ్‌లో పిల్లల పైచదువుకి తీసుకునే వీలుంది, కాగితాలు కదలడానికి టైము పడుతుంది కాబట్టి వచ్చే వారమే పెడతాను. మిగతా 6 లక్షలు ఎడ్యుకేషన్ లోను. ప్రభుత్వ బ్యాంకుల్లో సాధారణంగా 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా, మేం నీతోపాటు సంతకాలు పెడితే ఇస్తారు. అది దాటితే ఇంటి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అని మొదలవుతుంది, వాటి ఖర్చే వేలల్లో తేలుతుంది. అందుకే 7.5 లక్షలకి శాంక్షన్ చేయించి, ఇప్పుడు 6 మాత్రమే తీసుకుందాం. తీసుకున్నంతకే వడ్డీ. కేంద్రం వాళ్ళ చదువు లోను పథకం పీఎం విద్యాలక్ష్మి గురించి బాబాయి చెప్పాడు గానీ అది మన దేశంలో చదివేవాళ్ళకే. నీకు వర్తించదు.

ఇలా చెరిసగం చేస్తే ఇంకో లాభం ఉంది. సొంత డబ్బు ఒకరి పాన్ మీద ఏడాదిలో 10 లక్షలు దాటి విదేశానికి పంపితే, దాటిన దానిమీద బ్యాంకు టీసీఎస్ అని ముందుగానే పన్ను పట్టుకుంటుంది. తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. మనం పంపే సొంత డబ్బు 6 లక్షలే, బ్యాంకు లోను మీద టీసీఎస్ లేదు. కాబట్టి ఆ గొడవే రాదు.

ఇంకో మాట, మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తున్నాను. వీసా రాకపోవచ్చు. ఇదివరకు రిమాన్‌స్ట్రేషన్ అని, ఫీజు లేకుండా మళ్ళీ పరిశీలించమని రాసుకునే వీలుండేది. 2025 జూలై 1 నుంచి అది ఎత్తేశారు. ఇప్పుడైతే మళ్ళీ కొత్తగా అప్లై చెయ్యాలి, ఫీజు మళ్ళీ కట్టాలి, కాదంటే బెర్లిన్ కోర్టుకి వెళ్ళాలి. బ్లాక్డ్ అకౌంటు డబ్బు వెనక్కి వస్తుంది, కానీ రూపాయల్ని యూరోలు చేసి, యూరోల్ని మళ్ళీ రూపాయలు చేసేసరికి కొంత కరుగుతుంది. ఈ రెండింటికీ కలిపి 50,000 పక్కన పెట్టాను. అది వాడే అవసరం రాకపోతే నీ టిక్కెట్టుకి పనికొస్తుంది. పెట్టానని నువ్వు అధైర్యపడకు.

వెళ్ళాక మొదటి రెండు నెలల సంగతి నీ కాగితంలో అసలు లేదు, నాకు నిద్ర పట్టనిది దాని గురించే. ఆ 992 దిగిన రోజే చేతికి రాదు. ఊళ్ళో అడ్రసు రిజిస్టరు చేయించుకుని, అక్కడ బ్యాంకు అకౌంటు తెరిచి, అప్పుడు విడుదల చేయించుకోవాలి. ఈలోపు గదికి అడ్వాన్సు అడుగుతారు. అక్కడి చట్టం ప్రకారం మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. 400 యూరోల గదైతే 1,200 అడ్వాన్సు, ఒక నెల అద్దె 400. సెమిస్టరు ఫీజు వేరే. రెసిడెన్స్ పర్మిట్‌కి 100. అందుకని ఫోరెక్స్ కార్డులో 2,000 యూరోలు తక్కువ కాకుండా వేసి పంపుతాం. ఇది బ్లాక్డ్ అకౌంటు డబ్బుకి అదనం. నా గాజుల మీద గోల్డ్ లోను పెడితే వస్తుంది, డిసెంబరులో చీటీ రాగానే విడిపిస్తాను. గాజులు అన్నానని ఏడవొద్దు, నాలుగు నెలల మాటే.

నెల నెలా గడిచే లెక్క కూడా చూడు. 992లో స్టూడెంటు హెల్త్ ఇన్సూరెన్సే 140 దాటుతుంది, మిగిలేది 850 లోపు. యూనివర్సిటీ హాస్టల్లో గది దొరికితే సుఖంగా సరిపోతుంది. మ్యూనిక్ లాంటి ఊళ్ళో బయట గది తీసుకుంటే అద్దెకే ఆరేడొందలు పోతుంది. అందుకే యూనివర్సిటీలు ఎంచుకునేటప్పుడు ర్యాంకు పక్కన ఆ ఊరి అద్దె కూడా రాసుకో. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి దేశాలవాళ్ళకి సెమిస్టరుకి 1,500 యూరోలు ఫీజుంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు మొదలెట్టింది. "ఫీజు లేదు" అనేది అన్నిచోట్లా నిజం కాదమ్మా. అక్కడ రేడియో, టీవీ చార్జీ కూడా ఉంది, ఇంటికి నెలకి 18.36 యూరోలు, చూసినా చూడకపోయినా. నలుగురు ఉండే ఇంట్లో అయితే పంచుకోవచ్చు.

పని చేసుకోవచ్చు, ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. కానీ మొదటి సెమిస్టరు లెక్కలో పని డబ్బు ఒక్క యూరో కూడా వెయ్యొద్దు. ఆ ఆరునెలలూ భాష, పాఠాలు పట్టుకో. తర్వాత దొరికితే మంచిదే, అది రెండో ఏడుకి ఉంచు. రెండో ఏడు పర్మిట్ పొడిగించేటప్పుడు ఖర్చులకి డబ్బుందని మళ్ళీ చూపించాలి. దానికి లోనులో మిగిలిన లక్షన్నర, చీటీలో గాజులు విడిపించగా మిగిలేది, మిర్చి మీద వచ్చేది, నువ్వు సంపాదించుకునేది. అప్పటికి మీ నాన్న సరుకు అమ్మడానికి తొందర ఉండదు.

తిండి దగ్గర మాత్రం మిగల్చకు. నెలాఖరుకి డబ్బు తగ్గితే మొదట మాకు ఫోన్ చెయ్యి, తర్వాత మిగతా ఆలోచన. "ఇంట్లో ఇబ్బంది పడతారు" అని నువ్వు దాచడం మొదలుపెడితే నేనిక్కడ వేసుకున్న లెక్కలన్నీ తప్పుతాయి.

శనివారంలోగా నాకు కావాల్సినవి: నువ్వనుకుంటున్న అయిదు యూనివర్సిటీల పేర్లు, వాటి ఆఖరి తేదీలు, ఆ ఊళ్ళలో హాస్టలు అద్దె, నీ పాన్, పాస్‌పోర్టు కాపీలు. సోమవారం నాకు లోకల్ హాలిడే, మీ నాన్నతో కలిసి బ్యాంకుకి వెళ్తున్నాను. పచ్చడి జాడీ గది కిటికీలో ఎండ తగిలేచోట పెట్టకు.

ఆశీస్సులతో
అమ్మ