లంకల్లో ఒకటో తరగతి పిల్లలు పడవెక్కాలా?

సంపాదకులకు,

అయ్యా,

కోనసీమ లంక గ్రామాల ప్రస్తావన పత్రికల్లో వచ్చిందంటే అది వరదల గురించో, వంతెనల గురించో అయి ఉంటుంది. వంతెనలు కావలసినవే. అయితే అవి పూర్తయ్యేదాకా ఆరేళ్ల పిల్లల చదువు ఆగదు కనుక, ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల నడుమ ఉన్న మా వంటి ఊళ్లలో ప్రాథమిక పాఠశాల ఎలా నడుస్తున్నదో మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచాను.

మా లంకలో బడి లేదని చెప్పను. గదులున్నాయి, నల్లబల్ల ఉంది, వరద వస్తే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు తడవకుండా ఎక్కించడానికి అటక కూడా ఉంది. లేనిదల్లా రోజూ వేళకు తాళం తీసే మనిషి. ఉన్న ఒక్క ఉపాధ్యాయుడు ఏటి అవతలి నుంచి రావాలి. పడవ నిండేదాకా సరంగు కదలడు. వేసవిలో నీరు తీసిందంటే ఇసుక మేటలు దాటి నడవాలి. ఎర్రనీరు తగిలితే పడవే ఆపేస్తారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆయన సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఎన్నికల పని మీద పడినా ఆ రోజుకు బడి లేనట్టే. ఇది చూసి చూసి, స్తోమత ఉన్నవారు పిల్లల్ని అమ్మమ్మగారి ఊళ్లో ఉంచి అక్కడి ప్రైవేటు బడిలో వేస్తున్నారు. లేనివారు పడవెక్కిస్తున్నారు. పిల్లలు తగ్గారు కాబట్టి రెండో టీచరు అక్కర్లేదని కార్యాలయంవారు అంటారు, టీచరు లేకనే పిల్లలు తగ్గారని మేమంటాం.

ఉదయం పూట రేవుకు వస్తే, మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు, అరటి గెలలు సర్దగా మిగిలిన అంచు బల్ల మీద పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునే చిన్నపిల్లలు కనిపిస్తారు. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద బడి నుంచి ఇళ్లకు వస్తున్న పిల్లలున్న నాటు పడవ, నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. ఆ తర్వాత కొన్నాళ్లపాటు మా రేవులో లైఫ్ జాకెట్లు కనిపించాయి. పి.గన్నవరం మండలంలోని బూరుగులంక రేవు వద్ద వేసే తాత్కాలిక గట్టు వరద తగలగానే కొట్టుకుపోవడం, అక్కడి లంకలవారు మళ్లీ పడవలెక్కడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

కొత్త చట్టమేదీ అడగడం లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ ఏడాది కేంద్రం రూపొందించిన నమూనా నియమావళి ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలి. వరద ముప్పు ఉన్నచోట, దారి లేనిచోట పిల్లలకు ఆ ప్రమాదం ఎదురుకాకుండా దూర పరిమితిని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలని చట్టం షెడ్యూలే చెబుతున్నది. విద్యార్థుల సంఖ్యను బట్టి పోస్టుల సర్దుబాటు జరిగే ప్రతిసారీ లంక బడుల్ని ఆ లెక్కలోంచి తప్పించి, ఇద్దరిలో ఒకరైనా లంకలోనే కాపురం ఉండేలా చూడాలి. అందుకు ఇల్లు కట్టించి, కొంత అదనపు భత్యం ఇవ్వడం న్యాయం. అంతవరకు లంకలోనే ఉన్న డిగ్రీ చదివిన ఆడపిల్లల్ని విద్యా వాలంటీర్లుగా తీసుకుంటే, పడవ ఆగిన రోజైనా బడి తెరుచుకుంటుంది.

పనిదినాల సంగతి వేరే. షెడ్యూలు ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 రోజులు బడి జరగాలి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలవాళ్లం పునరావాస కేంద్రాల్లో తలదాచుకున్నాం. అంత వరద ఏటా రాకపోయినా, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎన్నోసార్లు రాకపోకలు నిలిచిపోతాయి. ఆ రోజుల్ని వేసవిలో ఒంటిపూట బడితో పూడ్చుకునే అధికారం జిల్లా స్థాయిలో ఇస్తే చాలు.

చివరగా ఒక చిన్న విన్నపం. పడవ రేవులకు వేలం పాట పెట్టే స్థానిక సంస్థలు, వచ్చే పాటకు షరతులు రాసేటప్పుడు, పడవ నిండినా నిండకపోయినా ఉదయం ఎనిమిదిన్నరకు ఉపాధ్యాయుల కోసం ఒక పడవ తప్పక కదలాలనీ, వారి వద్దా, పై తరగతులకు అవతలికి వెళ్లే విద్యార్థుల వద్దా రేవు రుసుము తీసుకోరాదనీ అందులో చేర్చాలి.

ఇట్లు,
ఒక లంక గ్రామ నివాసి,
డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.