పుట్టిన ఏడాది అడగని లెక్కలు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ మొదటి పేజీలో వచ్చిన ‘క్యాన్సర్ మరణాలు ఏటికేడు పైపైకి: ఈ తరం అలవాట్లే కారణం’ అన్న వార్త గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు సరికదా, ఆదివారం సంచికలో దాన్నే రంగుల బొమ్మలతో మళ్లీ వేశారు.

మీరు వేసింది చనిపోయినవారి సంఖ్య, రేటు (లక్ష మందిలో ఎందరు అన్న లెక్క) కాదు. జనాభా పెరిగింది, మనుషులు మునుపటికన్నా ఎక్కువకాలం బతుకుతున్నారు. క్యాన్సర్ ముఖ్యంగా పెద్ద వయసు జబ్బు. తలలు నెరిసినవాళ్లు ఎక్కువైతే ఆ మరణాలూ ఎక్కువవుతాయి. వయసుల తేడా సరిచేసి లెక్క కడితే, అమెరికాలో క్యాన్సర్ మరణాల రేటు 1991లో శిఖరానికి చేరి, తర్వాతి మూడు దశాబ్దాల్లో సుమారు మూడో వంతు తగ్గింది. మీ పద్ధతిలో తలలు లెక్కపెడితే అక్కడా పెరుగుదలే!

ఇక ‘ఈ తరం అలవాట్లు’. నా అసలు కోపం ఇక్కడే. ఈ రోజు డెబ్బై ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతున్న మనిషి చాలాసార్లు తన ఇరవయ్యో ఏట అంటించిన సిగరెట్టు బాకీ తీరుస్తున్నాడు. దానికి నేటి కుర్రవాళ్లను తిడితే ఎలా? అమెరికా పురుషుల్లో ఈ మరణాల రేటు 1990 ప్రాంతంలో దిగడం మొదలైంది. ఆడవాళ్లలో దిగడానికి ఇంకా ఏళ్లు పట్టింది, వాళ్లు పొగతాగడం మొదలుపెట్టిందీ ఆలస్యంగానే, మానిందీ ఆలస్యంగానే. క్యాలెండర్ సంవత్సరం మాత్రమే చూసేవారికి ఇది అర్థం కాదు, పుట్టిన సంవత్సరం చూడాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. క్షయ మరణాలను ఇలా తరాలవారీగా విడదీసి చూపిన అమెరికా అంటువ్యాధుల శాస్త్రవేత్త వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ వ్యాసం 1939లోనే అచ్చయింది. ముసలితనంలో క్షయ విజృంభిస్తున్నట్టు కనిపించడం భ్రమ అనీ, ఆ ముసలివాళ్లు చిన్నతనంలో అంతకన్నా ఎక్కువ క్షయను చూసిన తరంవాళ్లనీ ఆయన తేల్చాడు.

జీర్ణాశయ క్యాన్సర్ మరో కథ. ఒకప్పుడు ఎన్నో దేశాల్లో క్యాన్సర్ మరణాల్లో ముందువరసలో ఉండేది. ఇంటింటికీ ఫ్రిజ్‌లు వచ్చాయి, ఉప్పులో ఊరవేసిన తిండి తగ్గింది, ఈ క్యాన్సర్‌కు దారితీసే హెలికోబాక్టర్ సూక్ష్మజీవి పిల్లలకు సోకడం తగ్గింది. తరం తర్వాత తరంలో జబ్బు దానంతటదే వెనక్కి తగ్గింది. దానికి ఏ అధికారీ రిబ్బను కత్తిరించలేదు. ప్రభుత్వం పనిగట్టుకుని సాధించినదీ లేకపోలేదు. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ సోకకుండా టీకా మొదలుపెట్టారు, ఆ టీకా పొందిన తరంలో కాలేయ క్యాన్సర్ బాగా తగ్గింది.

యువతరం గురించి భయపెట్టాలనే ఉంటే నిజమైన సంగతి ఒకటుంది, దాన్నే వదిలేశారు. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవారితో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవారికి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెట్టింపు, పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ముప్పు నాలుగింతలు. వయసువారీగా విడదీస్తే తప్ప ఇది బయటపడేది కాదు.

అధికారులను మాత్రం ఏమని మెచ్చుకోవాలి? అరవై దాటినవారందరినీ ఒకే గంపలో పోసి పట్టికలు ఇస్తారు. మా అన్నయ్య క్లోమ క్యాన్సర్‌తో ఏడాదిపాటు నరకం చూసి పోతే, ఆసుపత్రివాళ్లు ధ్రువపత్రంలో ‘గుండె ఆగిపోవడం’ అని రాసి పంపారు. గుండె ఆగకుండా పోయినవాళ్లెవరో చెప్పమని అడిగితే గుమాస్తా నవ్వాడు. ఇటువంటి కాగితాలు కుప్పపోసి, మీవంటి పత్రికలు గీతలు గీస్తాయి.

పోయిన నెల ఒక సినిమా నటుడి వయసు రెండేళ్లు తప్పుపడితే మరునాడే గడి కట్టి సవరణ వేశారు. ఆ గడి పాటి జాగా దీనికీ ఇవ్వండి. గ్రాఫు కింద సంవత్సరాలతోపాటు పుట్టిన దశాబ్దాలూ వేయండి. జాగా చాలకపోతే రాశిఫలాల్లో ఒక రాశి తగ్గించండి, నాది తీసేసినా అభ్యంతరం లేదు.

— ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు